భాగం – 11 : మరుగునపడిన ఆటను తిరిగి చూడడం – ‘గిమిక్!’ ఒక పరిశీలన

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 ఉపోద్ఘాతం
11.2 ప్లాట్‌ఫాం గేమ్ – నిర్వచనం, పుట్టుక
11.3 ‘గిమిక్!’ – కథ, నిర్మాణం
11.4 నక్షత్రం వెనుక ఉన్న భౌతికశాస్త్రం
11.5 సంగీతం – ఒకే ఆట, రెండు రూపాలు
11.6 ఎందుకు మరుగునపడింది?
11.7 తిరిగి వెలుగులోకి
11.8 పునర్మూల్యాంకనం చేసే పద్ధతి
11.9 సారాంశం
11.10 ముఖ్య పదాలు
11.11 ప్రగతి పరీక్షలకు సమాధానాలు
11.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ప్లాట్‌ఫాం గేమ్ అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు.
• ‘గిమిక్!’ అనే ఆటలో చలన నియమాలు ఎలా పనిచేస్తాయో వివరించగలుగుతారు.
• ఒక ఆట మరుగునపడడానికి దారితీసే కారణాలను విశ్లేషించగలుగుతారు.
• పాత ఆటను జ్ఞాపకాల మోజుతో కాక, ఆధారాలతో మూల్యాంకనం చేయగలుగుతారు.

11.1 ఉపోద్ఘాతం

ఒక పుస్తకం అచ్చులో లేకపోయినా, ఏదో ఒక గ్రంథాలయంలో ఒక్క ప్రతి మిగిలి ఉంటే చాలు, దాన్ని చదువుకోవచ్చు. అందుకు కళ్లు, భాష తప్ప వేరే సాధనం అక్కర్లేదు. వీడియో గేమ్ సంగతి అలా కాదు. ఆట నిక్షిప్తమై ఉన్న క్యాసెట్ చేతిలో ఉన్నా, దాన్ని నడిపించే యంత్రం లేకపోతే అది ఉత్త ప్లాస్టిక్ డబ్బా. అందుకే ఇతర కళారూపాల కన్నా వీడియో గేమ్‌లు త్వరగా కనుమరుగవుతాయి.

1990ల్లో మన పట్టణాల్లో టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ పెట్టెలు అమ్మేవారు. ఒకే క్యాసెట్‌లో ఎన్నో ఆటలు వచ్చేవి. ‘మారియో’, ‘కాంట్రా’ వంటి పేర్లు మీరో, మీ ఇంట్లో మీకన్నా పెద్దవారో విని ఉంటారు. ఆ పెట్టెల్లో చాలావాటికి మూలం జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ‘ఫ్యామిలీ కంప్యూటర్’. దీన్నే క్లుప్తంగా ‘ఫ్యామికామ్’ అంటారు. మన దగ్గర అమ్ముడైనవి ఎక్కువగా దాని నకళ్లు.

ఈ భాగంలో మనం పరిశీలించే ‘గిమిక్!’ ఆ ఫ్యామికామ్ మీద 1992 జనవరి 31న జపాన్‌లో విడుదలైన ఆట. మారియోకు దక్కిన పేరులో వెయ్యో వంతు కూడా అప్పట్లో దీనికి దక్కలేదు. ముప్పై ఏళ్ల తరువాత మళ్లీ విడుదలైంది. ఈ ఆట కథను ఆధారంగా చేసుకొని ఒక ముఖ్యమైన విషయం తెలుసుకుందాం: ఒక కృతి మరుగునపడడం దాని నాణ్యతపై ఇచ్చిన తీర్పు కాదు. అది ఎప్పుడు, ఎక్కడ, ఏ యంత్రం మీద వచ్చిందన్న దాన్ని బట్టి ఏర్పడిన ఫలితం. అలాగే, తిరిగి వెలుగులోకి వచ్చినంత మాత్రాన అది గొప్పదని రుజువైనట్లూ కాదు. నాణ్యతను తేల్చాలంటే ఆటనే పరిశీలించాలి.

11.2 ప్లాట్‌ఫాం గేమ్ – నిర్వచనం, పుట్టుక

ఆటగాడు నడిపించే పాత్ర ఒక అరుగు మీది నుంచి మరో అరుగు మీదికి గెంతుతూ, గోతులను, శత్రువులను దాటుకుంటూ గమ్యం చేరే ఆటను ‘ప్లాట్‌ఫాం గేమ్’ అంటారు. ఇక్కడ ‘ప్లాట్‌ఫాం’ అంటే పాత్ర నిలబడే అరుగు. ఇందులో ప్రధాన క్రియ గెంతడం.

1981లో నింటెండో విడుదల చేసిన ‘డాంకీ కాంగ్’లో పాత్ర దొర్లివచ్చే పీపాల మీదుగా గెంతుతుంది. ఈ ఆటను రూపొందించిన షిగెరు మియామొతో ఆధ్వర్యంలోనే 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ వచ్చింది. ఇందులో తెర ఎడమ నుంచి కుడికి జరుగుతూ పోతుంది. ఆ తరువాత వచ్చిన వందలాది ఆటలు ఈ నమూనానే అనుసరించాయి.

ఈ నమూనాలో ఒక పరిమితి గమనించండి. ‘సూపర్ మారియో బ్రదర్స్’లో పాత్ర నడిచే నేలంతా చదునుగా, చతురస్రపు దిమ్మెలతో ఉంటుంది. ఏటవాలు నేల కనిపించదు. 1988లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ నాటికి ఏటవాలు నేలలు వచ్చాయి. చదును నేల మీద పాత్రను నిలబెట్టడం యంత్రానికి సులువు. వాలు మీద నిలబెట్టడం, జారనివ్వడం కష్టం. ఈ తేడా 11.4లో మనకు ఉపయోగపడుతుంది.

ప్రగతి పరీక్ష – 1
(అ) ప్లాట్‌ఫాం గేమ్‌లో ప్రధాన క్రియ ఏది?
(ఆ) ‘సూపర్ మారియో బ్రదర్స్’ నేల ఎలా ఉంటుంది?

11.3 ‘గిమిక్!’ – కథ, నిర్మాణం

‘గిమిక్!’ను తయారుచేసింది జపాన్ సంస్థ సన్‌సాఫ్ట్. ‘బ్లాస్టర్ మాస్టర్’, ‘బ్యాట్‌మ్యాన్’ వంటి ఆటలతో ఈ సంస్థ అప్పటికే పేరు తెచ్చుకుంది. ‘గిమిక్!’ రూపకల్పనకు తొమొమి సకాయ్ సారథ్యం వహించారు. సంగీతం మసాషి కగెయామా సమకూర్చారు.

కథ చిన్నది. పుట్టినరోజున ఒక పాపకు బొమ్మ కానుకగా వస్తుంది. అది నిజానికి బొమ్మ కాదు, యుమెతారో అనే చిన్న ప్రాణి. పాప దానితోనే ఆడుకుంటూ ఉండడంతో పాత బొమ్మలకు ఈర్ష్య కలుగుతుంది. అవి ప్రాణం పోసుకొని పాపను మరో లోకానికి ఎత్తుకుపోతాయి. పాపను వెనక్కి తీసుకురావడానికి యుమెతారో బయలుదేరుతుంది. మరుగునపడిన బొమ్మల అలక మీద అల్లిన కథ గల ఆట తానే మరుగునపడడం ఇక్కడ గమనించదగిన విషయం.

ఆటలో ఆరు అంకాలున్నాయి. ఒక్కొక్క అంకంలో ఒక్కొక్క వస్తువు దాగి ఉంటుంది. వాటన్నిటినీ సేకరించినవారికే చివరిదైన రహస్య అంకం, అసలు ముగింపు దొరుకుతాయి. సేకరించనివారికి ఆట ముగుస్తుంది గానీ కథ పూర్తికాదు.

యుమెతారో చేతిలో ఒకే ఒక్క ఆయుధం ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకుంటే దాని తల మీద ఒక నక్షత్రం రూపుదిద్దుకుంటుంది. బటన్ వదలగానే ఆ నక్షత్రం ముందుకు దూకి, నేల మీద ఎగిరెగిరి పడుతూ, గోడలకు తగిలి వెనక్కి వస్తూ, కాసేపటికి మాయమవుతుంది. శత్రువుకు తగిలితే దెబ్బ తీస్తుంది. ఇంతవరకు మామూలే. అయితే ఎగురుతూ పోతున్న ఆ నక్షత్రం మీదికి యుమెతారో ఎక్కి సవారీ చేయవచ్చు. మామూలు గెంతుకు అందని చోట్లకు ఈ సవారీతోనే చేరుకోవాలి. అంటే ఒకే వస్తువు ఆయుధమూ అవుతుంది, వాహనమూ అవుతుంది.

11.4 నక్షత్రం వెనుక ఉన్న భౌతికశాస్త్రం

నక్షత్రం ఎక్కడ పడుతుంది, ఎంత ఎత్తు ఎగురుతుంది, ఏ గోడకు తగిలి ఎటు తిరుగుతుంది అన్నవి ముందే రాసిపెట్టిన దారులు కావు. యంత్రం వాటిని అప్పటికప్పుడు లెక్కకడుతుంది. ఎలాగో చూద్దాం.

ఫ్యామికామ్ తెర మీద బొమ్మ సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది. ఒక్కొక్క మార్పును ‘ఫ్రేమ్’ అంటారు. ప్రతి ఫ్రేమ్‌లోనూ యంత్రం రెండు పనులు చేయాలి. మొదటిది, వస్తువు ఉన్న స్థానానికి దాని వేగాన్ని కలపడం. రెండోది, గురుత్వాకర్షణ వల్ల కలిగే మార్పును వేగానికి కలపడం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని అంకెలు సూత్రం అర్థం కావడానికి ఊహించినవి. ఆటలోని అసలు విలువలు కావు. ఒక అరుగు అంచు నుంచి నక్షత్రం అడ్డంగా ఫ్రేమ్‌కు 2 చుక్కల చొప్పున కదులుతోందనుకోండి. కిందికి పడే వేగం మొదట సున్నా. గురుత్వం ప్రతి ఫ్రేమ్‌లో ఆ వేగాన్ని 1 చొప్పున పెంచుతుంది. అప్పుడు అయిదు ఫ్రేమ్‌లలో అది కిందికి పడే దూరం 1 + 2 + 3 + 4 + 5 = 15 చుక్కలు. అదే కాలంలో అడ్డంగా పోయే దూరం 2 × 5 = 10 చుక్కలు. ఈ స్థానాలను వరుసగా కలిపితే, విసిరిన రాయి గాలిలో గీసే వంపు వస్తుంది. మీరు పాఠశాలలో చదువుకున్న ప్రక్షేపక చలనం ఇదే.

నేలను తాకగానే కిందికి ఉన్న వేగాన్ని పైకి తిప్పి, కొంత తగ్గిస్తే బంతిలా ఎగరడం వస్తుంది. గోడను తాకినప్పుడు అడ్డ వేగాన్ని తిప్పితే వెనక్కి మళ్లడం వస్తుంది. వాలు నేల మీద పడితే అడ్డ వేగం, నిలువు వేగం రెండింటినీ వాలును బట్టి మార్చాలి. కష్టం ఇక్కడే మొదలవుతుంది.

ఫ్యామికామ్ గుండెకాయ వంటి ప్రాసెసర్ 8-బిట్ రకానికి చెందినది. అంటే ఒక్కసారికి 0 నుంచి 255 లోపు సంఖ్యతోనే పనిచేస్తుంది. కూడడం, తీసివేయడం దానికి వచ్చు. గుణించడానికి నేరుగా ఆదేశం లేదు. లెక్కలు వేసుకోవడానికి యంత్రంలో ఉన్న తాత్కాలిక జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు మాత్రమే. ఈ పాఠం మొదటి రెండు విభాగాల అక్షరాలు కూడా అందులో పట్టవు. ఇంత చిన్న చోటులో, సెకనుకు 60 సార్లు, నక్షత్రం ఎగరడాన్నీ యుమెతారో వాలు మీద జారడాన్నీ లెక్కకట్టడం సన్‌సాఫ్ట్ సాధించిన విజయం.

దీని ఫలితం ఆటగాడి చేతికి తెలుస్తుంది. యుమెతారో వాలు దిగేటప్పుడు వేగం పుంజుకుంటుంది. ఆపుదామనుకున్నా జడత్వం వల్ల వెంటనే ఆగదు. నక్షత్రాన్ని ఎక్కడ నుంచి, ఏ క్షణంలో వదిలితే అది ఎక్కడికి చేరుతుందో ఆటగాడు అంచనా వేయాలి. శత్రువు కదలికలను బట్టీపడితే సరిపోదు. నియమాన్ని అర్థం చేసుకోవాలి. నియమం అర్థమైనవారికి, తయారీదారులు చెప్పని దారులు కూడా దొరుకుతాయి.

ప్రగతి పరీక్ష – 2
(అ) ప్రతి ఫ్రేమ్‌లో యంత్రం చేసే రెండు పనులు ఏవి?
(ఆ) పై ఉదాహరణలో నాలుగు ఫ్రేమ్‌ల తరువాత నక్షత్రం ఎన్ని చుక్కలు కిందికి పడుతుంది?

11.5 సంగీతం – ఒకే ఆట, రెండు రూపాలు

ఫ్యామికామ్‌లో అంతర్గతంగా అయిదు శబ్ద మార్గాలు ఉంటాయి. ఒకేసారి అయిదు రకాల స్వరాలకు మించి పలకలేదని స్థూలంగా అర్థం చేసుకోవచ్చు. అయితే ఫ్యామికామ్‌లో ఒక వెసులుబాటు ఉంది. క్యాసెట్‌లోనే అదనపు శబ్ద చిప్ అమర్చి, ఆ ధ్వనిని యంత్రం ధ్వనితో కలిపి టీవీకి పంపవచ్చు. సన్‌సాఫ్ట్ ‘గిమిక్!’ క్యాసెట్‌లో ‘5బి’ అనే చిప్ వాడింది. దీనివల్ల మరో మూడు శబ్ద మార్గాలు చేరి మొత్తం ఎనిమిది అయ్యాయి. ఈ చిప్‌లోని అదనపు ధ్వనులను ఉపయోగించుకున్న ఆట ఫ్యామికామ్‌లో ఇదొక్కటే.

1993లో ఈ ఆట ‘మిస్టర్ గిమిక్’ పేరుతో స్కాండినేవియా దేశాలలో విడుదలైంది. జపాన్ వెలుపల నింటెండో అమ్మిన యంత్రం ఫ్యామికామ్ కాదు. దాని మరో రూపమైన ‘ఎన్‌ఇఎస్’. ఫ్యామికామ్ క్యాసెట్‌కు 60 పిన్నులుంటే ఎన్‌ఇఎస్ క్యాసెట్‌కు 72 ఉంటాయి. పిన్నులు పెరిగినా, క్యాసెట్ నుంచి ధ్వనిని నేరుగా కలిపే ఏర్పాటు ఎన్‌ఇఎస్‌లో లేదు. అందువల్ల స్కాండినేవియా రూపంలో అదనపు శబ్ద మార్గాలు లేవు. అవే బాణీలు తక్కువ స్వరాలతో వినిపిస్తాయి.

దీన్నుంచి గ్రహించవలసిన విషయం: ‘ఆట’ అంటే ప్రోగ్రాం ఒక్కటే కాదు. ప్రోగ్రాం, క్యాసెట్, యంత్రం – ఈ మూడూ కలిస్తేనే కృతి. ఒకటి మారితే కృతి మారుతుంది. ‘గిమిక్! సంగీతం ఎలా ఉంది?’ అని ఎవరైనా అడిగితే, ‘ఏ రూపంలో?’ అన్నది మీరు వేయవలసిన మొదటి ప్రశ్న.

11.6 ఎందుకు మరుగునపడింది?

‘గిమిక్!’ మరుగునపడడానికి కనీసం మూడు కారణాలను గుర్తించవచ్చు.

1. కాలం: నింటెండో 1990 నవంబరులోనే ‘సూపర్ ఫ్యామికామ్’ అనే 16-బిట్ యంత్రాన్ని విడుదల చేసింది. 1991లో సెగా సంస్థ ‘సోనిక్ ది హెడ్జ్‌హాగ్’ వచ్చింది. అందులో కూడా వాలు నేలలు, పుంజుకునే వేగమే ప్రధాన ఆకర్షణ. 1992 ఆరంభం నాటికి కొనుగోలుదారుల చూపు కొత్త యంత్రాల మీద ఉంది. తొమ్మిదో ఏట నడుస్తున్న పాత యంత్రానికి వచ్చిన ఆట లోపల ఏముందో చూసినవారు తక్కువ.

2. రూపానికి, స్వభావానికి పొంతన లేకపోవడం: ఆకుపచ్చగా, గుండ్రంగా, ముద్దుగా ఉన్న యుమెతారోను చూస్తే ఇది చిన్నపిల్లల ఆట అనిపిస్తుంది. ఆడితే తెలుస్తుంది, ఇది చాలా కఠినమైన ఆట అని. సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్‌లో గేమ్ బాయ్ యంత్రం మీద ‘కిర్బీస్ డ్రీమ్ ల్యాండ్’ వచ్చింది. అందులోనూ నాయకుడు గుండ్రంగా, ముద్దుగా ఉంటాడు. కానీ దాని రూపకర్త మసహిరో సకురాయ్ కొత్తగా ఆడేవారిని దృష్టిలో పెట్టుకొని దాన్ని సులువుగా తీర్చారు. రూపం ఇచ్చిన మాటను అక్కడ ఆట నిలబెట్టుకుంది. కిర్బీ ఆటలు నేటికీ వస్తున్నాయి.

3. పంపిణీ: ‘గిమిక్!’ అప్పట్లో అమెరికాలో విడుదల కాలేదు. జపాన్, స్కాండినేవియా తప్ప మరెక్కడా అది దుకాణాలకు చేరలేదు. ఆంగ్లంలో వెలువడే గేమ్ పత్రికలు, పుస్తకాలు ఆ రంగ చరిత్రను ఎక్కువగా అమెరికా మార్కెట్‌ను ఆధారం చేసుకొని రాశాయి. కాబట్టి అమెరికా చేరని ఆట ఆ చరిత్రలో కూడా చేరలేదు.

ఈ మూడింటిలో మొదటిదీ, మూడోదీ ఆట నాణ్యతకు సంబంధించినవి కావు. రెండోది మాత్రం కొంతవరకు రూపకల్పనకు సంబంధించినదే. ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

11.7 తిరిగి వెలుగులోకి

పాత యంత్రం పనిని కొత్త కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాంను ‘ఎమ్యులేటర్’ అంటారు. 1990ల చివరి నుంచి ఇవి వ్యాప్తిలోకి రావడంతో, దుకాణంలో ఎన్నడూ చూడని ఆటలను కూడా జనం చూడగలిగారు. ‘గిమిక్!’ గురించి జపాన్ బయట మాట వినిపించడం ఎక్కువగా ఆ తరువాతే. అసలు క్యాసెట్లు అరుదై, పాత వస్తువులు సేకరించేవారి మధ్య బాగా ఖరీదు పలకసాగాయి.

2023 జులైలో ‘గిమిక్! స్పెషల్ ఎడిషన్’ నేటి యంత్రాల కోసం అధికారికంగా విడుదలైంది. ఇందులో ఆటను ఎక్కడికక్కడ భద్రపరచుకోవచ్చు. తప్పు జరిగితే కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకోవచ్చు. 2024లో స్వీడన్‌కు చెందిన బిట్‌వేవ్ గేమ్స్ రూపొందించిన ‘గిమిక్! 2’ వచ్చింది. జపాన్ వెలుపల తొలి ఆట అమ్ముడైన ప్రాంతం నుంచే దాని రెండో భాగం రావడం గమనార్హం.

అయితే ఇంత అదృష్టం అన్ని ఆటలకూ పట్టదు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ అనే సంస్థలు 2023లో ఒక అధ్యయనం ప్రచురించాయి. దాని ప్రకారం 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవు. హక్కులు ఎవరివో తేలకపోవడం, సంస్థలు మూతపడడం, తిరిగి విడుదల చేస్తే లాభం ఉంటుందన్న నమ్మకం లేకపోవడం ఇందుకు సాధారణ కారణాలు. కాపీరైట్ ఉన్న ఆటను అనుమతి లేకుండా పంచుకోవడం చట్టవిరుద్ధం. కానీ హక్కుదారు అమ్మకపోతే చట్టబద్ధంగా చూసే దారే ఉండదు. పరిశోధకులు, గ్రంథాలయాలు నేడు ఎదుర్కొంటున్న చిక్కు ఇదే.

ప్రగతి పరీక్ష – 3
(అ) స్కాండినేవియా రూపంలో సంగీతం ఎందుకు మారింది?
(ఆ) ఎమ్యులేటర్ అంటే ఏమిటి?

11.8 పునర్మూల్యాంకనం చేసే పద్ధతి

పాత ఆటను తిరిగి చూసేటప్పుడు ‘ఆ రోజులే వేరు’ అన్న మురిపెం ఒకవైపు లాగుతుంది. ‘ఎవరికీ తెలియని ఆణిముత్యం నాకు దొరికింది’ అన్న గర్వం మరోవైపు లాగుతుంది. రెండూ అంచనాను చెడగొడతాయి. కింది నాలుగు ప్రశ్నలు వేసుకుంటే నిలకడగా ఆలోచించవచ్చు.

(1) నేను చూస్తున్నది ఏ రూపం? ‘గిమిక్!’ను 2023 రూపంలో, వెనక్కి తిప్పుకుంటూ ఆడినవారు ‘ఇది కష్టంగా లేదు’ అనవచ్చు. 1992లో ఆడినవారికి ఆ సౌకర్యం లేదు. ఇద్దరూ ఒకే అనుభవం గురించి మాట్లాడడం లేదు.

(2) ఆట నియమాలు ఏం చేయమంటున్నాయి? బొమ్మలు, కథ పక్కనపెట్టి ఆటగాడి చేత ఆట ఏం చేయిస్తోందో రాయండి. ‘గిమిక్!’ చేయించేది అంచనా వేయడం.

(3) సమకాలంలో ఏముంది? నేటి ఆటలతో పోల్చకుండా, అదే కాలంలో, అదే యంత్రం మీద ఉన్నవాటితో పోల్చండి. అప్పుడే 11.4లో చెప్పుకున్న లెక్కల విలువ తెలుస్తుంది.

(4) లోపాలు ఏవి? నచ్చిన కృతిలోనూ లోపాలు రాయాలి. ‘గిమిక్!’ నిడివి తక్కువ. నక్షత్రం తయారయ్యేదాకా ఆగాలి కాబట్టి ఎదురుపడ్డ శత్రువు ముందు ఆటగాడు కాసేపు నిస్సహాయుడు. రహస్య వస్తువులు దొరకనివారికి అసలు ముగింపు అందదు; అంటే ఓపిక, సమయం ఎక్కువగా ఉన్నవారికే కథ పూర్తవుతుంది.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే ఒక తీర్పుకు రావచ్చు. ‘గిమిక్!’ అందరికీ నచ్చే ఆట కాదు. కానీ ఒకే ఒక నియమాన్ని తీసుకొని, దానితో ఆయుధం, వాహనం, రహస్యం మూడింటినీ నిర్మించిన ఆట. అప్పటి యంత్రంపై అది అరుదైన పని. ఈ మాట అనడానికి జ్ఞాపకాలతో గానీ, అమ్మకాల లెక్కలతో గానీ, క్యాసెట్ ధరతో గానీ పనిలేదు. ఆటలోనే ఆధారం ఉంది.

అభ్యాసం: మీకు తెలిసిన పాత ఆట ఒకటి ఎంచుకోండి. అది వీడియో గేమ్ కావచ్చు, బటన్ ఫోన్‌లో వచ్చిన ఆట కావచ్చు. పై నాలుగు ప్రశ్నలకు నాలుగేసి వాక్యాల్లో సమాధానం రాయండి. ఆ ఆటను నడిపించే యంత్రం ఇప్పుడు మీకు దొరుకుతుందో లేదో చివర్లో పేర్కొనండి. దొరకకపోతే, ఆ ఆటకు మీరు రాసిన ఆ పదహారు వాక్యాలు కూడా ఒక రికార్డే.

11.9 సారాంశం

‘గిమిక్!’ 1992లో ఫ్యామికామ్ మీద సన్‌సాఫ్ట్ విడుదల చేసిన ప్లాట్‌ఫాం గేమ్. ఇందులో నక్షత్రం కదలికను యంత్రం అప్పటికప్పుడు లెక్కకడుతుంది. అదే ఆయుధం, అదే వాహనం. అదనపు శబ్ద చిప్ వల్ల జపాన్ రూపం, స్కాండినేవియా రూపం వేరువేరుగా వినిపిస్తాయి. కొత్త యంత్రాల రాక, ముద్దు రూపం వెనుక ఉన్న కాఠిన్యం, పరిమిత పంపిణీ కారణంగా అది మరుగునపడింది. ఎమ్యులేటర్లు, 2023 నాటి పునర్విడుదల దాన్ని తిరిగి పరిచయం చేశాయి. చాలా ఆటలకు ఇటువంటి అవకాశం లేదు. మరుగునపడడం, వెలుగులోకి రావడం రెండూ పరిస్థితుల ఫలితాలే. విలువను నిర్ణయించడానికి కృతిని పరిశీలించడం తప్ప దగ్గరి దారి లేదు.

11.10 ముఖ్య పదాలు

ఫ్రేమ్: తెర మీద బొమ్మ ఒక్కసారి మారడం.
జడత్వం: వస్తువు తన స్థితిని మార్చుకోవడానికి చూపే నిరోధం.
శబ్ద మార్గం: యంత్రం ఒక స్వరాన్ని పలికించే దారి.
ఎమ్యులేటర్: ఒక యంత్రం పనిని మరో యంత్రంలో అనుకరించే ప్రోగ్రాం.
పునర్మూల్యాంకనం: ఒకసారి అంచనా వేసిన కృతిని మళ్లీ పరిశీలించి విలువ కట్టడం.

11.11 ప్రగతి పరీక్షలకు సమాధానాలు

1. (అ) గెంతడం. (ఆ) చదునుగా, చతురస్రపు దిమ్మెలతో ఉంటుంది.
2. (అ) స్థానానికి వేగాన్ని కలపడం. వేగానికి గురుత్వ ప్రభావాన్ని కలపడం. (ఆ) 1 + 2 + 3 + 4 = 10 చుక్కలు.
3. (అ) క్యాసెట్ నుంచి అదనపు ధ్వనిని నేరుగా కలిపే ఏర్పాటు ఎన్‌ఇఎస్‌లో లేకపోవడం వల్ల. (ఆ) పాత యంత్రం పనిని కొత్త కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం.

11.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ‘గిమిక్!’ మరుగునపడడానికి గల కారణాలను విశ్లేషించండి. వాటిలో నాణ్యతకు సంబంధించినవి ఏవో, కానివి ఏవో విడదీయండి.
2. ‘ప్రోగ్రాం, క్యాసెట్, యంత్రం కలిస్తేనే కృతి’ – ఈ వాక్యాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. నక్షత్రం కదలికలో ప్రక్షేపక చలనం ఎలా కనిపిస్తుందో వివరించండి.
2. పాత ఆటల పరిరక్షణలో కాపీరైట్ వల్ల తలెత్తే చిక్కును తెలపండి.
3. పునర్మూల్యాంకనంలో వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలను పేర్కొనండి.